సమాధానం: రెండడుగుల దూరంలో తీసిన మట్టికి రెండు ఫలితాలు ఎందుకొచ్చాయి?

ఫైరింగ్ రేంజ్‌లో తీసిన ఒక మట్టి నమూనాలో ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థం అసలు లేదు, రెండడుగుల పక్కన తీసినదాంట్లో విపరీతంగా ఉంది, ల్యాబ్ తప్పు చేసిందా అని అడిగారు. టెన్షన్ పడకండి, రెండూ నిజమే కావచ్చు. ఫిరంగి గుండు (షెల్) పూర్తిగా పేలితే మిగిలేది చాలా తక్కువ. సగం పేలి ఆగినప్పుడే పేలుడు మందు ముక్కలు ముక్కలుగా చెల్లాచెదురవుతుంది. మీ గరిటెలో ఒక చిన్న పలుకు పడిందా లేదా అన్నదే అంకెను మార్చేస్తుంది.

అందుకే ఒక్కో చోటి మట్టిని నమ్మకండి. స్థలాన్ని భాగాలుగా విడగొట్టి, ఒక్కో భాగంలో 30 నుంచి 100 చోట్ల పైమట్టి కొద్దికొద్దిగా తీసి కలపండి. ఇలా మూడుసార్లు విడివిడిగా చేస్తే ఫలితం ఎంత నిలకడగా ఉందో తెలుస్తుంది. ల్యాబ్‌లో మొత్తం నమూనాను ఆరబెట్టి, జల్లించి, మెత్తగా నూరాకే పరీక్షకు తీయమనండి. ఈ మెట్టు వదిలేస్తే రేంజ్‌లో నమూనాలు తీయడానికి పడ్డ శ్రమంతా వృథా. పేలని గుండ్లను నిపుణులు చూసి తొలగించేదాకా మాత్రం దయచేసి లోపల అడుగు పెట్టకండి.

భూగర్భజలం సంగతి మరచిపోకండి. గుండ్లలో ఉండే మరో పేలుడు పదార్థం టీఎన్‌టీ మట్టిని పట్టుకుంటుంది, ఆర్‌డీఎక్స్ నీటితోపాటు కిందికి దిగిపోతుంది. అమెరికాలోని కేప్ కాడ్‌లో ఇసుక నేల, దాని కిందే జనం తాగే నీరు. అక్కడి సైనిక శిక్షణ స్థావరం క్యాంప్ ఎడ్వర్డ్స్‌లో 1997లో అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ (ఈపీఏ) ఫిరంగి శిక్షణనే ఆపించింది. మీ నేల ఇసుకదైతే ముందు దిగువనున్న బావుల నీళ్లు పరీక్షించండి.