మూడు ముక్కలతో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ బ్రిడ్జి పేకాట పజిలు చదివాను. ఊహ బావుంది. కానీ నలుగురికీ పదమూడేసి ముక్కలు పంచేసరికి, ఏ ముక్క ఎందుకుందో నీకే తెలియకుండా పోయింది. 1885లో లండన్ పత్రిక ‘ది ఫీల్డ్’లో విట్‌ఫెల్డ్ అనే గణితజ్ఞుడు బ్రిడ్జికి ముందుతరం ఆటైన విస్ట్ మీద ఇచ్చిన సమస్యలో తలా ఆరు ముక్కలే. బ్రిడ్జి ఆడేవాళ్లు దాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. నువ్వు ఇంకా తగ్గించి, మూడేసితో మొదలుపెట్టు.

ఇది చూడు. తురుపు లేదు. నాలుగు చేతులూ అందరికీ కనిపిస్తాయి.

ఉత్తరం: ఇస్పేటు ఆసు, జాకీ, ఆఠీను రాజు.
పడమర: ఇస్పేటు రాజు, రాణి, ఆఠీను ఆసు.
తూర్పు: ఆఠీను 9; డైమను 8, 7.
దక్షిణం: ఇస్పేటు 2; ఆఠీను 3; కళావరు ఆసు.

మొదటి ముక్క వేసేది దక్షిణం, ఆ తర్వాత వరసగా పడమర, ఉత్తరం, తూర్పు. ఎదుటివాళ్లు ఎంత బాగా ఆడినా, ఒక జట్టైన ఉత్తర దక్షిణాలు మూడు పట్లూ (నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు) గెలవాలి.

జవాబు కళావరు ఆసు. పడమర దగ్గర కళావరు లేదు, ఏదో ఒకటి వదులుకోవాలి. ఆఠీను ఆసు వదిలితే ఉత్తరం ఇస్పేటు జాకీ పారేస్తుంది. ఆఠీను రాజుకి ఇక ఎదురులేదు. ఇస్పేటు వదిలితే ఉత్తరం ఆఠీను రాజు పారేస్తుంది. ఆసు కింద మిగిలిన ఇస్పేటు పడిపోతుంది, జాకీ నిలుస్తుంది. రెండు దారుల్లోనూ దక్షిణం ఇస్పేటు 2 వేసి ఉత్తరానికి వెళ్లొచ్చు; రెండో దారిలో అదొక్కటే మార్గం. పడమరని ఇలా ఇరకాటంలో పెట్టడాన్నే స్క్వీజ్ అంటారు. దీని అందమంతా పడమర వేశాకే ఉత్తరం వెయ్యడంలో ఉంది.

అందుకే పడమర ముక్కలు తూర్పుకి, తూర్పువి పడమరకి మార్చి చూడు. ఇప్పుడు ఉత్తరం ముందు పారెయ్యాలి. జాకీ పారేస్తే తూర్పు ఇస్పేటు వదులుతుంది, రాజు పారేస్తే ఆఠీను ఆసు వదులుతుంది. ఒక పట్టు పోతుంది. ఎవరు ఏ వైపు కూర్చున్నారో ఆషామాషీగా రాయకూడదనేది ఇందుకే.

నీ పజిలు చెడింది చిన్న ముక్కల దగ్గరే. పై ఆటలో దక్షిణానికి ఇస్పేటు 2 తీసేసి ఆఠీను 2 ఇచ్చావనుకో. పడమర ఇస్పేటు రాణి వదులుతుంది, ఉత్తరం చేతిలో ఇస్పేటు ఆసు, జాకీ ఉన్నా అక్కడికి వెళ్లే దారి లేదు. ఆఠీను వెయ్యక తప్పదు, పడమర ఆసు దాన్ని కొట్టేస్తుంది. చూడ్డానికి పనికిరాని ఆ ఇస్పేటు 2 ముక్కే ఆటని నిలబెడుతోంది.

ఇంకోటి, ఇది మరీ తేలిగ్గా తప్పిపోయేది. ఆఠీను 3 బదులు రాణి పెడితే నిండుగా కనిపిస్తుంది కదా అని పెడతారు. అప్పుడు పడమర ఆఠీను ఆసు వదిలితే ఉత్తరం జాకీ పారేసినా, రాజు పారేసినా గెలుపే. పైగా చేతులు తూర్పుకి మార్చినా ఆట సాగిపోతుంది: ఉత్తరం రాజుని ధైర్యంగా పారేస్తుంది, దక్షిణం రాణి కాపు కాస్తుంది. జవాబు ఒక్కటే ఉండాల్సిన చోట రెండు వచ్చాయంటే ఆ పజిలు అచ్చుకి పనికిరాదు. మొదటి ముక్కకే కాదు, గెలుపు ఖాయమయ్యేదాకా ఎదుటివాళ్ల ప్రతి ఎత్తు తర్వాతా ఈ నియమం పాటించు; నా మట్టుకు నేను ఇందులో సడలింపు ఒప్పుకోను.

సరిచూడ్డానికి మూడేసి ముక్కలైతే కాగితం చాలు. ఒక్కొక్కరు వేసే వరసలు ఆరు, నలుగురికీ కలిపి 1296 కంటే మించవు. మొదట పడిన జాతి ముక్క చేతిలో ఉంటే అదే వెయ్యాలన్న నియమం వల్ల అందులో చాలా భాగం రాలిపోతాయి. ఆరేసికి వెళ్లాక స్వీడన్‌కు చెందిన బో హాగ్లండ్ రాసిన డీడీఎస్ లాంటి సాల్వర్ (నాలుగు చేతులూ చూసి జవాబు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం) వాడు. వేయదగిన ప్రతి ముక్కకీ ఎన్ని పట్లొస్తాయో అది చెబుతుంది. ఒక్కసారి అడిగి వదిలెయ్యకు. ఎదుటివాళ్లు ఒక్కో ముక్క వేసినప్పుడల్లా ఆ స్థితిని మళ్లీ ఇచ్చి, గెలిచే ముక్క ఒక్కటేనా అని చూసుకో.

తురుపు ఉందా లేదా, మొదట ఎవరు వేస్తారు, ఎన్ని పట్లు కావాలి, ఈ మూడూ ప్రశ్నలోనే ఉండాలి. మొదట దక్షిణం వేస్తుందనే అర్థంలో నువ్వు రాసిన ‘దక్షిణం ఆట’ అన్న మాటని కొందరు ‘దక్షిణం గెలవాలి’ అని చదువుతారు.

ఈసారి మూడు ముక్కలదే పంపు. పడమర ఏది వదిలితే ఉత్తరం ఏది పారెయ్యాలో విడివిడిగా రాసి, పక్కనే ప్రతి చిన్న ముక్క ఎందుకుందో ఒక్క వాక్యం జతచెయ్యి. వాక్యం దొరకని ముక్కని మార్చి చూడు.