స్కూలు ఎదురుగా కిరాణా కొట్టు: చిప్స్ తీసేస్తే ఏం పెట్టాలి?

మీరు రెండు అడిగారు. స్కూలు ఎదురుగా కిరాణా పెడితే చిప్స్, కూల్‌డ్రింక్స్ అమ్మొచ్చా? అమెరికాలోలాగా పళ్లు, కూరగాయలు తప్పకుండా ఉంచాలనే చట్టం మనకూ ఉందా? జడ్చర్ల దగ్గర మా ఊళ్లో హైస్కూలు గేటు ఎదురుగానే మా కొట్టు. నాకు తెలిసింది చెప్తాను.

మీరు చదివింది అమెరికాలోని మినియాపోలిస్ నగరం సంగతి అయ్యుంటుంది. అక్కడ 2008లో చట్టం చేసి, 2014లో ఇంకా గట్టి చేశారు. సరుకుల దుకాణమంటే పళ్లు, కూరగాయలు, పాలు, గుడ్లు కనీసం ఇన్ని ఉండాల్సిందే. మన కొట్లకు వర్తించేది వేరే రకం: ఇది అమ్మొద్దు అనే రూల్. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) 2020 నిబంధనల ప్రకారం కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి స్కూల్లోనూ, గేటు నుంచి ఏ వైపైనా 50 మీటర్ల లోపూ పిల్లలకు అమ్మకూడదు. బీడీలు, సిగరెట్లకైతే 100 గజాలు. టేపు పెట్టి కొలుచుకోండి. మాది 30 మీటర్లు కూడా రాలేదు.

చిప్స్ దండలు తీసేశాక అసలు కష్టం మొదలైంది. ఒక శనివారం రెండు అరటి గెలలు దింపించాను. ఆదివారం, ఆపైన పండుగ సెలవు. మంగళవారానికి సగం నల్లబడ్డాయి. యాపిల్స్ పెట్టి చూశాను. పిల్లల చేతిలో ఉండేది ఐదు రూపాయల బిళ్ల, దానికి యాపిల్ ఎక్కడొస్తుంది? చాలామంది కొట్లవాళ్లు ఇక్కడే విసిగిపోయి మళ్లీ ప్యాకెట్లు వేలాడదీస్తారు. వాళ్లను తప్పుపట్టలేను. చిప్స్ ప్యాకెట్ నెలలు ఆగుతుంది, పండు ఆగదు.

మాకు దారి చూపించింది పల్లికాయే. పల్లికాయ దొరికే బాదేపల్లి మార్కెట్ పక్కనే ఉండగా వేరే ఆలోచన ఎందుకు? పొద్దున మా ఇంటావిడ కుక్కర్లో పల్లికాయ, శనగ గుడాలు ఉడకబెడుతుంది, ఇంటర్‌వెల్‌కు ఐదు రూపాయల పొట్లాలు సిద్ధం. వేయించిన పల్లీలు, పుట్నాలు చెడిపోతాయనే టెన్షన్ లేదు. జామకాయలు సగానికి కోసి అమ్ముతాను. దసరా ముందర బాలానగర్ వైపు నుంచి సీతాఫలాలు వస్తాయి, ఆ నెల పిల్లలు ఇంకేదీ అడగరు. పల్లిపట్టీ కూడా ఉంచుతాను గానీ, బెల్లం ఎక్కువ కాబట్టి ముందు వరుసలో పెట్టను.

మొదటి రెండు నెలలు గల్లా బాగా తగ్గింది, అది దాచను. తల్లులు గమనించి ఇంటి సరుకులకు కూడా మా దగ్గరికే రావడంతో మెల్లగా పూడింది.

ఇంకో మాట. స్కూలు సెలవుల లిస్టు హెడ్‌మాస్టర్ గారిని అడిగి ముందే రాసుకోండి. మర్నాడు సెలవుంటే నేను అరటిపళ్లు రెండు డజన్లకు మించి తేను.