ఏడు చేపల కథలో దాక్కున్న ‘ద’

పాఠకుల ప్రశ్నలకు ఒక రిటైర్డ్ ఇంగ్లీషు టీచరమ్మ జవాబులు

ప్రశ్న: జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. ‘ఎ’, ‘యాన్’, ‘ద’ అనే ఆర్టికల్స్ మీద సూత్రాలు ఇరవై దాకా రాయించాను, అప్పజెప్పించుకున్నాను. ఖాళీలు పూరించమంటే చక్కగా పూరిస్తారు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం ‘ద’ను ఎక్కడ పడితే అక్కడ చల్లేస్తారు, లేదంటే పూర్తిగా మరిచిపోతారు. తెలుగులో లేనిదాన్ని ఎలా నేర్పాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, పార్వతీపురం

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యంతోనే నాకు పేచీ ఉందమ్మా. ‘ఎ’, ‘ద’ అనే మాటలు తెలుగులో లేవు, నిజమే. ఆ మాటలు చేసే పని మాత్రం మన పిల్లలకు పలక పట్టకముందే తెలుసు. ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఆ ఏడుగురూ వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు.’ మొదటిసారి ‘ఒక’ రాజు, రెండోసారి ‘ఆ’ రాజు. ‘అనగనగా ఆ రాజు’ అని ఏ నాయనమ్మా కథ మొదలుపెట్టదు. పెడితే ఒళ్లో కూర్చున్న మనవడు ‘ఏ రాజు?’ అని నిలదీస్తాడు. ఆ ప్రశ్నే మీ ఇరవై సూత్రాలకూ మూలం. వినేవాడికి ఏ రాజో ఇంకా తెలియకపోతే ‘ఎ కింగ్’, తెలిసిపోతే ‘ద కింగ్’.

ఏడు చేపల కథనే పిల్లల చేత ఇంగ్లీషులో చెప్పించండి. గడ్డిమేటు, ఆవు, అవ్వ, చీమ ఒక్కొక్కటీ కథలోకి కొత్తగా వస్తాయి. వచ్చినప్పుడు ‘ఎ’. మరుక్షణం ‘గడ్డిమేటూ గడ్డిమేటూ, ఎందుకు అడ్డమొచ్చావు?’ అని దాన్నే నిలదీస్తారు కదా, ఇక దాని గురించి ఏం చెప్పినా ‘ద’. చీమ దగ్గర ‘యాన్’ కూడా ఉచితంగా దొరుకుతుంది. కథ అయ్యేసరికి ఏ అభ్యాసంలోనూ లేనన్నిసార్లు నోరు తిరుగుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ సూత్రాలే వల్లె వేయించాను. ఫలితం మీకు వచ్చినదే నాకూ వచ్చింది. ఒకరోజు విసుగు పుట్టి బోర్డు మీద రెండు తెలుగు వాక్యాలు రాశాను. ‘బల్ల మీద పుస్తకం ఉంది.’ ‘పుస్తకం బల్ల మీద ఉంది.’ రెండింటికీ తేడా ఏమిటని అడిగితే ముందు బెంచీల్లో చప్పుడు లేదు. వెనక నుంచి ఒక పిల్లవాడు లేచి, ‘రెండోది పుస్తకం వెతుక్కుంటున్నవాడికి చెప్పే మాటండీ’ అన్నాడు. అప్పటికి ఆ పిల్లవాడికి ఇంగ్లీషులో పదిహేను మార్కులు దాటింది లేదు. మొదటి వాక్యం ‘దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ద టేబుల్’. రెండోది ‘ద బుక్ ఈజ్ ఆన్ ద టేబుల్’. ఇంగ్లీషు ఆర్టికల్‌తో చెప్పేదాన్ని మనం మాటల వరుసతో చెబుతున్నామని ఆ రోజు నాకు తెలిసింది. చెప్పింది వాడు, నేర్చుకున్నది నేను.

ఒక జాగ్రత్త. ‘ఆ’ అంటే ‘ద’ అని బోర్డు మీద సమీకరణం రాయకండి. ‘ఆ’ వేలు పెట్టి చూపిస్తుంది, ‘ద’ చూపించదు. పుట్టుకలో చుట్టరికం ఉన్న మాట నిజమే. ‘యాన్’ పాత ఇంగ్లీషులో ‘ఒకటి’ అనే మాట నుంచే వచ్చింది, ‘ద’ కూడా ‘అది’ అని చూపే మాటల కుటుంబంలోదే. అయినా ‘సూర్యుడు ఉదయించాడు’ అన్నప్పుడు మనకు ఏమీ అక్కర్లేదు, ఇంగ్లీషుకు ‘ద సన్’ కావాలి. ‘ఆ సూర్యుడు’ అన్నామంటే ఇంకో సూర్యుడు ఉన్నట్టు. ‘కుక్కలకు విశ్వాసం ఎక్కువ’ లాంటి మాటల్లో మొత్తం కుక్కజాతి గురించి చెబుతాం కాబట్టి ‘డాగ్స్’ ఒంటరిగానే వస్తుంది. ఇక నదుల పేర్లకు ముందు ‘ద గోదావరి’, ‘ద కృష్ణా’ అనాలి, ఊళ్ల పేర్లకు ముందు ‘ద హైదరాబాద్’ అనకూడదు. ఇక్కడ తెలుగు సాయం చేయదు, అది బట్టీ వ్యవహారమే.

ప్రశ్న: ‘ఎ ఎమ్మెల్యే’నా, ‘యాన్ ఎమ్మెల్యే’నా? ‘ఎం’ వవెల్ కాదు కదా! ‘యూనివర్సిటీ’లో ‘యు’ వవెల్ అయినా ముందు ‘ఎ’ రాస్తారట. ఎందుకు?
– పదో తరగతి విద్యార్థి, ఒంగోలు

జవాబు: నాయనా, ఇంగ్లీషు స్పెల్లింగును పక్కన పెట్టి, ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూడు. మొదటి అక్షరం అచ్చయితే ‘యాన్’, హల్లయితే ‘ఎ’. ఎమ్మెల్యే ‘ఎ’తో మొదలైంది, అది అచ్చు, కాబట్టి ‘యాన్’. యూనివర్సిటీ ‘య’తో మొదలైంది, అది హల్లు, కాబట్టి ‘ఎ’. గంటను చెప్పే ‘అవర్’కు ముందు ‘యాన్’, ‘వన్ రుపీ కాయిన్’కు ముందు ‘ఎ’. ఇంగ్లీషు పిల్లలు చెవితో పట్టుకునేదాన్ని మన లిపి కళ్లకే చూపిస్తుంది. ఒక్కటే చిక్కు. మనం ‘ఎ’ ముందు ‘య’కారం, ‘ఒ’ ముందు ‘వ’కారం చేర్చి పలుకుతాం. ‘యెగ్గు’ అనే అలవాటుంటే రాసేది కూడా ‘ఎ యెగ్’ అవుతుంది. ముందు గుడ్డును ‘ఎగ్’ అనడం నేర్చుకో.

ప్రశ్న: బీఈడీ చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీసులో పాసివ్ వాయిస్ చెప్పాను. కర్మను ముందుకు తెచ్చి, ‘బీ’ క్రియ పెట్టి, మూడో రూపం రాసి, చివర ‘బై’ చేర్చమన్నాను. తెలుగులో ‘రామునిచేత రావణుడు చంపబడెను’ అని ఉదాహరణ కూడా ఇచ్చాను. పది వాక్యాలూ అందరూ మార్చారు. మరునాడు ఒక అమ్మాయి ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్’ అని రాసింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– వరంగల్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: ‘పొరపాటు ఎక్కడ జరిగింది’ అని అడిగావు బాబూ, ‘నేను ఎక్కడ పొరపాటు చేశాను’ అనలేదు. చేసినవాణ్ని వాక్యంలోంచి తప్పించే విద్య నీకు బాగానే వచ్చు. పాసివ్ వాయిస్‌తో ఇంగ్లీషువాళ్లు చేసే ముఖ్యమైన పనుల్లో అదొకటి. నీ పాఠంలో లేనిదీ అదే. ఎలా మార్చాలో చెప్పావు, ఎందుకు మార్చాలో చెప్పలేదు.

ఇక ఆ ‘చంపబడెను’. ‘అన్నం నాచేత తినబడింది’ అని ఇంట్లో పిల్లవాడు అంటే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టి చూస్తారు. ‘ఇచ్చట సైకిళ్లు అద్దెకు ఇవ్వబడును’ లాంటి బోర్డుల మీద తప్ప ఆ ‘బడు’ మన నోట అంతగా పలకదు. రాని ఇంగ్లీషును రాని తెలుగుతో నేర్పితే పిల్లలకు మిగిలేది లెక్క చేసినట్టు మాటలు అటూ ఇటూ జరపడమే.

మరి మనం నిజంగా ఏమంటాం? ‘నా సైకిలు ఎత్తుకుపోయారు’ అంటాం. ఎవరు? తెలియదు. ‘చార్మినార్‌ను 1591లో కట్టారు.’ ఎవరు? ఇక్కడ మనకు అక్కర్లేదు. కర్త పేరు ఉండదు, క్రియ చివర ‘రు’ అని ఒక నీడ మాత్రం మిగులుతుంది. ఆ నీడ కనిపించిన చోటల్లా ఇంగ్లీషులో పాసివ్‌కు చోటుంది. ‘మై సైకిల్ వాజ్ స్టోలెన్’, ‘ద చార్మినార్ వాజ్ బిల్ట్ ఇన్ 1591’. చూశావా, రెండింటిలోనూ ‘బై’ లేదు. దొంగ ఎవరో తెలియనప్పుడు ‘బై ఎ థీఫ్’ అని చేర్చడం మార్కుల కోసమే. చేసినవాడే అసలు వార్త అయినప్పుడు ‘బై’ని పిలవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టించింది ఎవరని గోదావరి జిల్లాల్లో అడిగితే కాటన్ దొర పేరు చెబుతారు. ఆ సంగతి చెప్పే ఇంగ్లీషు వాక్యంలో ‘బై’ లేకపోతే చప్పగా ఉంటుంది.

‘బోర్డు మీద రాసి ఉంది’, ‘అన్నం వండి ఉంది’ అన్నవీ ఇలాంటివే. పని అయిపోయింది, దాని ఫలితం కళ్లముందుంది. ‘ఇట్ ఈజ్ రిటెన్ ఆన్ ద బోర్డ్’ అలా వస్తుంది. ఆఫీసు కాగితాల్లో ‘మంజూరు చేయడమైనది’, ‘ఆదేశించడమైనది’ అని చూసే ఉంటావు. ఒక ఏడాది, పరీక్షల ముందు, నాకు ఒక కాగితం వచ్చింది, ‘బదిలీ చేయడమైనది’ అని. ఎవరు చేశారని నాలుగు బల్లల చుట్టూ తిరిగాను. ఏ బల్ల దగ్గరా ‘నేను చేశాను’ అన్నవాళ్లు లేరు. ఆ కాగితాన్ని తర్వాత చాలా ఏళ్లు పాఠంలో వాడుకున్నాను.

ఇప్పుడు నీ విద్యార్థిని రాసిన వాక్యం. ప్రమాదం ఎవరో కావాలని చేసింది కాదు కాబట్టి పాసివ్ కావాలని ఆ అమ్మాయి అనుకుంది. ఆలోచన తెలివైనదే, క్రియ కలిసి రాలేదు. క్రియను ‘దేన్ని?’, ‘ఎవరిని?’ అని అడగమను. ‘కట్టారు, దేన్ని?’ జవాబు వస్తుంది. ‘జరిగింది, దేన్ని?’ రాదు. ‘చనిపోయాడు, ఎవరిని?’ అంటే తరగతి నవ్వుతుంది. జవాబు రాని క్రియకు పాసివ్ లేదు. ‘హాపెన్’, ‘డై’, ‘అరైవ్’ అన్నీ ఆ గుంపులోవే. ‘ఐ వాజ్ బార్న్’ సంగతేమిటి, పుట్టడానికి కర్మ ఉందా అని ఎవరైనా అడుగుతారు, నన్ను అడిగారు. ఆ ‘బార్న్’ వెనక ఉన్న క్రియకు అర్థం పుట్టడం కాదు, కనడం. అమ్మ ఎవరిని కన్నది? నన్ను. మాటకు మాట తెలుగు చేస్తే ‘కనబడ్డాను’ అవుతుంది. ‘బడు’తో తెలుగు ఎలా అడ్డం తిరుగుతుందో ఇక్కడే చూపించవచ్చు.

ఈసారి పాఠానికి పది విడి వాక్యాలు పట్టుకెళ్లకు. కొండపల్లి బొమ్మ ఒకటి పట్టుకెళ్లు. తెల్లపొణికి చెక్కను ఎండబెడతారు, చెక్కుతారు, అతుకులు అంటిస్తారు, రంగులు వేస్తారు. ఎవరు అన్నది ఎవరికీ గుర్తురాదు, బొమ్మ మీదే దృష్టి. ‘ఈజ్ డ్రైడ్’, ‘ఈజ్ కార్వ్‌డ్’, ‘ఈజ్ పెయింటెడ్’ వరుసగా వచ్చేస్తాయి. బొమ్మ దొరక్కపోతే ఉప్మా చాలు.

ప్రశ్న: ‘ఫ్యూ’కూ ‘ఎ ఫ్యూ’కూ తేడా ఎన్నిసార్లు చదివినా మరిచిపోతున్నాను. ‘మచ్’, ‘మెనీ’ కూడా కలిసిపోతాయి.
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: ‘పెళ్లికి కొద్దిమంది వచ్చారు’, ‘పెళ్లికి కొద్దిమందే వచ్చారు’. రెండో వాక్యంలోని ఆ ‘ఏ’ ఒక నిట్టూర్పు. నిట్టూర్పు ఉంటే ‘ఫ్యూ’, లేకపోతే ‘ఎ ఫ్యూ’. ‘ఎన్ని’ అన్నచోట ‘మెనీ’, ‘ఎంత’ అన్నచోట ‘మచ్’ సాధారణంగా సరిపోతాయి. పాలూ నీళ్లూ మాత్రం మోసం చేస్తాయి. మనకు అవి బహువచనాలు, పాలు ‘పొంగాయి’, నీళ్లు ‘వచ్చాయి’ అంటాం. ఇంగ్లీషులో అవి ఏకవచనాలు, అక్కడ ‘మచ్’. ఇంకొకటి, ‘నా ఆ చీర’ అని మనం హాయిగా అంటాం. ఇంగ్లీషులో ఆ రెండింటికీ కలిపి ఒకటే పీట, ‘మై’ కూర్చుంటే ‘దట్’ లేవాల్సిందే. ‘దట్ శారీ ఆఫ్ మైన్’ అని చుట్టూ తిరిగి రావాలి.

ప్రశ్న: తెలుగుతో పోల్చి ఇంగ్లీషు చెప్పమని గత నెల మీరు రాశారు. మా ప్రైవేటు పాఠశాలలో ఇంగ్లీషు పీరియడ్లో తెలుగు మాట వినిపిస్తే టీచరుకైనా జరిమానాయే. నేనేం చేయాలి?
– ఊరు రాయవద్దని కోరిన ఒక టీచరు

జవాబు: పిల్లల తలలో నడిచే తెలుగుకు ఎవరూ జరిమానా వేయలేరు కదా. రాజు బొమ్మ ఒకటి గీసి, ‘విచ్ కింగ్?’ అని ఇంగ్లీషులోనే అడుగుతూ ఉండండి, కథను వాళ్లే గుర్తు తెచ్చుకుంటారు. పుస్తకం, బల్ల ఉన్న ఆ రెండు వాక్యాలు మాత్రం ఒక్కసారి తెలుగులో రాయక తప్పదు. జరిమానా ఎంతో మీరు రాయలేదు. రూపాయో రెండు రూపాయలో అయితే కట్టేయండి.