ఏడీహెచ్‌డీనా, ట్రామానా: రెండింటినీ విడదీసి చూడడం నేను ఎలా నేర్చుకున్నాను

29 ఏళ్ల వయసులో సైకియాట్రిస్టు మీకు ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచే ధ్యాస, కుదురు నిలవని స్థితి) ఉందన్నారని, ఏడాదిగా మీరు వెళ్తున్న థెరపిస్టు మాత్రం మీ ఎనిమిదో ఏట మొదలైన నాన్నగారి తాగుడు, ఇంట్లో కొట్లాటలు మిగిల్చిన ట్రామాయే (మానని మానసిక గాయమే) ఇదంతా అంటున్నారని రాశారు. ఎవరి మాట నమ్మాలి, ముందు దేనికి చికిత్స తీసుకోవాలి అని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను, నల్లగొండ దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి. అయితే ఇదే ప్రశ్నను వెంటబెట్టుకుని నాలుగేళ్లు తిరిగాను. నాకు అర్థమైనది ఇది: ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు, కానీ ఏ సమయంలో ఏది పనిచేస్తున్నదో మీకు తెలియనంతవరకు రెండింటిలో దేని చికిత్సా సరిగా సాగదు.

మాది కల్వకుర్తి దగ్గర పల్లె. పాలమూరు వలసల గురించి మీకు చెప్పనక్కరలేదు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మానాయినలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె వైపు కాలువ పనులకు వెళ్లారు, నేను అవ్వ దగ్గర ఉండిపోయాను. ఆ తరువాత ఆరేడేళ్లు బడిలో నేను తిన్న దెబ్బలకు లెక్క లేదు. పలక మరిచిపోయినందుకు, పిలిస్తే పలకనందుకు, కూర్చున్నచోట కుదురుగా ఉండనందుకు చింత బరిగె, చెక్క స్కేలు, గోడకుర్చీ. పిల్లలను కొట్టడాన్ని నిషేధించిన విద్యాహక్కు చట్టం 2010లో గాని అమలులోకి రాలేదు. మా కాలంలో కొట్టని సారును మెత్తని సారు అనేవారు.

మొదట నేను చూపించుకున్న కౌన్సెలర్ అమ్మానాయినలు వదిలి వెళ్లడం, బడిలో దెబ్బలు విని, సమస్య మొత్తం అక్కడే ఉందని నిర్ణయించారు. ఎనిమిది నెలలు గతం గురించే మాట్లాడుకున్నాం. సెషన్ రోజు మరిచిపోతే, రాసుకుని రమ్మన్నది రాయకపోతే, బాధాకరమైన విషయం నుంచి తప్పించుకుంటున్నానని అనేవారు. నేను తప్పించుకోలేదు, నిజంగానే మరిచిపోయాను. ఆ తరువాత కలిసిన సైకియాట్రిస్టు పది నిమిషాల్లో ఏడీహెచ్‌డీ అన్నారు, దెబ్బల సంగతి ఎత్తితే "అందరం తిన్నవాళ్లమే కదా" అని కొట్టివేశారు. ఆ రోజు బస్సులో నల్లగొండకు తిరిగి వస్తూ, నాలో సగాన్నే ప్రతి ఒక్కరూ చూస్తున్నారని అనిపించింది. ఇప్పుడు మీరు ఉన్న చోటు అదేనని అనుకుంటున్నాను.

మూడోసారి హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్టు దొరికారు. ఆవిడ మొదటి మూడు సెషన్లలో ఏ పేరూ పెట్టలేదు, కాలక్రమం మాత్రం రాశారు. మానసిక సమస్యల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే పుస్తకం ప్రకారం ఏడీహెచ్‌డీ అనాలంటే కొన్ని లక్షణాలు పన్నెండేళ్లలోపే కనిపించి ఉండాలి, అవి ఇల్లు, బడి, పని వంటి కనీసం రెండు చోట్ల ఉండాలి. కానీ మనలాంటివారి విషయంలో ఆ పన్నెండేళ్ల గీత ఒక్కటే సరిపోదు, ఎందుకంటే మన కష్టం కూడా ఆ గీతకు ముందే మొదలైంది. కాబట్టి కష్టం మొదలు కాకముందు ఈ పిల్లవాడు ఎలా ఉండేవాడు అన్నది ఆవిడ ప్రశ్న అయింది. అది చెప్పగలిగింది మా అవ్వ ఒక్కతే.

ఎనభై దాటిన అవ్వ వీడియో కాల్‌లో ఫోనును ముఖానికి మరీ దగ్గరగా పట్టుకోవడంతో తెరంతా ఆమె నుదురే కనిపించింది. "నాలుగేండ్లప్పుడు అగ్గిపెట్టె తెమ్మని తోలిస్తే, పైసలు చేతుల వట్టుకొనే బాయికాడ మోటరు బాగుజేసేటోని పక్కన కూసున్నడమ్మా. పొద్దుగూకినంక దొరికిండు. వాళ్ల నాయిన గూడ గంతే, ఒక మేస్త్రీ కాడ నిలువడు, చేతిల పార ఏడ పెట్టిండో ఎరుకుండదు" అని చెప్పింది. నాలుగేళ్లప్పటికి అమ్మానాయినలు ఊళ్లోనే ఉన్నారు, నన్ను ఎవరూ కొట్టలేదు. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ, ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలో 70 నుంచి 80 శాతం దాకా జన్యువుల వల్లేనని కవలల మీద జరిగిన అధ్యయనాల్లో లెక్క తేలింది. నాయిన గురించి అవ్వ అన్న మాట నాకు ఆ లెక్కకన్నా బలంగా తగిలింది. అంతవరకు ఆయనను బాధ్యత లేని మనిషిగానే తలచేవాణ్ణి.

అయితే దెబ్బల కథ అక్కడితో తేలిపోలేదు. కుదురు లేని పిల్లవాడికే దెబ్బలు ఎక్కువ పడతాయి. అంటే ఏడీహెచ్‌డీయే నన్ను దెబ్బలకు ఎదురుగా నిలబెట్టింది, ఆ దెబ్బలు వేరే గాయాన్ని చేశాయి. తప్పించుకునే దారి లేకుండా మళ్లీ మళ్లీ జరిగే హింస వల్ల కలిగే స్థితికి, 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో కాంప్లెక్స్ పీటీఎస్‌డీ (పాత హింస తాలూకు భయం ఒంట్లో, మనసులో నిలిచిపోయే సమస్య) అనే ప్రత్యేక నిర్ధారణ ఉంది. ఏకాగ్రత లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు, కుదురులేనితనం ఇటూ కనిపిస్తాయి, అటూ కనిపిస్తాయి. పైనుంచి చూసి విడదీయడం అనుభవజ్ఞులకే కష్టం.

అందుకే ఆవిడ నాకు ఒక చిన్న నోటుబుక్కు పని చెప్పారు. మనసు పనిలోంచి తప్పిన ప్రతిసారీ మూడు సంగతులు రాయాలి: దానికి ముందు ఏం జరిగింది, మనసు ఎక్కడికి పోయింది, ఒళ్లు ఎలా ఉంది. యాసంగి ధాన్యం మిల్లుకు వచ్చే ఏప్రిల్ నెలలో ఒకే రోజు రాసుకున్న రెండు సంఘటనలు చెబుతాను. పొద్దున కాంటా చీటీలు రిజిస్టరులోకి ఎక్కిస్తున్నాను. పద్నాలుగో చీటీ దగ్గర, బయట హమాలీలు కొత్త బోరు గురించి మాట్లాడుకోవడం వినిపించింది. బోరు, మోటరు, కేబులు, ఎన్ని అడుగులు అంటూ మనసు ఎక్కడెక్కడికో పోయింది, పావుగంట తరువాత చూసుకుంటే పెన్ను అదే గీత మీద ఉంది. ఒళ్లు హాయిగా ఉంది, భయమన్నది లేదు. మధ్యాహ్నం సేటు నా వెనక బీరువా మీదున్న చెక్క స్కేలు తీసుకున్నారు. దుమ్ము దులపడానికి దాన్ని ఒకసారి బల్లకు కొట్టారు, అంతే. నా భుజాలు చెవుల దాకా లేచాయి, అరచేతులు తడిశాయి, అంకెలు కనిపిస్తున్నాయి కానీ అర్థం కావడం లేదు. మనసు ఎక్కడికీ పోలేదు, మొత్తం నా వీపు వెనకే కాపలా కాసింది. తేరుకోవడానికి అరగంట పట్టింది.

చూసేవాళ్లకు రెండూ ఒకటే: పనిచేస్తూ పనిచేస్తూ నేను ఆగిపోయాను. ఒకదానిలో ధ్యాస ఆసక్తి ఉన్నచోటికి జారిపోతుంది, మరొకదానిలో ప్రమాదం ఉందనుకున్నచోట బిగుసుకుపోతుంది. నెల రోజుల నోటుబుక్కు ఈ తేడాను చూపినంత స్పష్టంగా ఏ ప్రశ్నాపత్రమూ నాకు చూపలేదు.

ముందు దేనికి చికిత్స అన్న మీ రెండో ప్రశ్నకు అందరికీ ఒకటే జవాబు ఉండదు. ఇప్పటికీ ఇంట్లో హింస సాగుతున్నా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు వస్తున్నా ముందు భద్రత, మిగతావన్నీ తరువాతే. అటువంటి సమయంలో 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. నా విషయంలో ముందు ఏడీహెచ్‌డీకి మిథైల్‌ఫెనిడేట్ అనే మందు మొదలైంది. అది నియంత్రణలో ఉన్న మందు కాబట్టి డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, నాకు అది మా ఊళ్లో దొరకక హైదరాబాద్ నుంచి తెచ్చుకునేవాణ్ణి. మొదటి వారం గుండె వేగం పెరిగి, అది అచ్చం పాత భయంలాగే అనిపించి మానేయబోయాను. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గించి మెల్లగా పెంచారు. దెబ్బలు తిన్నవాళ్లకు గుండె దడ అంటే భయమనే అర్థం, కాబట్టి ఈ సంగతి మీ డాక్టరుతో ముందే మాట్లాడండి. కొన్ని వారాల్లో కాంటా చీటీల పరధ్యానం బాగా తగ్గింది, స్కేలు చప్పుడు మాత్రం అలాగే ఉంది. మందు పనిచేసింది కాబట్టి ఏడీహెచ్‌డీయే అని తేల్చుకోకూడదని కూడా డాక్టరు చెప్పారు, ఎందుకంటే అది ఏడీహెచ్‌డీ లేనివారిలోనూ ఏకాగ్రతను కొంత పెంచగలదు.

మందు వల్ల కలిగిన అసలు మేలు థెరపీలో కనిపించింది. ఒక జ్ఞాపకం దగ్గర నిలబడగలిగితేనే ట్రామా చికిత్స సాగుతుంది, అంతకుముందు నేను రెండు వాక్యాలకే వేరే సంగతిలోకి జారిపోయేవాణ్ణి. ఆవిడ పద్ధతిని నాకు తగ్గట్టు మార్చారు. గంటసేపు గతం మాట్లాడకుండా ఇరవై నిమిషాలే మాట్లాడేవాళ్లం, ఆ సమయంలో చేతిలో చన్నీళ్ల స్టీలు గ్లాసు పట్టుకుని పాదాలు నేలకు ఆనించి కూర్చునేవాణ్ణి, చెప్పిన పనిని ఆవిడే ఒక్క వాక్యంగా రాసి వాట్సాప్‌లో పంపేవారు, ముందురోజు గుర్తుచేసేవారు. సెషన్ మరిచిపోయినప్పుడు కారణం ఊహించకుండా "మరిచిపోయారా, రాబుద్ధి కాలేదా" అని అడిగేవారు. రెండుసార్లు నిజంగానే రాబుద్ధి కాలేదు. ఆ మాట నేను భయపడకుండా చెప్పగలిగాను.

మీరు థెరపిస్టును మార్చాలో లేదో నేను చెప్పలేను. మీ డాక్టరు, మీ థెరపిస్టు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి మీరు అనుమతిస్తున్నట్టు ఇద్దరికీ చెప్పి చూడండి, ఆ మాటకు వారు ఎలా స్పందిస్తారన్న దాన్నిబట్టి మీకే కొంత తెలుస్తుంది. నాన్నగారి తాగుడు మీ ఎనిమిదో ఏట మొదలైందన్నారు కాబట్టి అంతకుముందు మిమ్మల్ని ఎత్తుకు తిరిగిన అమ్మమ్మో, మేనత్తో, పక్కింటి పెద్దమ్మో ఎవరున్నారో చూడండి. "నేను ఎలాంటి పిల్లను" అని కాకుండా, "నన్ను దుకాణానికి పంపితే ఏం చేసేదాన్ని" అని అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని వచ్చే సెషన్‌కు తీసుకెళ్లండి.