హన్మకొండ ఇంటికి భూకంప బీమా: ప్రీమియం తగ్గాలంటే

అన్నా, 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలినప్పటి నుంచి మీకున్న టెన్షన్ అర్థమైంది. హన్మకొండ ఇంటికి 80 లక్షల విలువ మీద బీమా వాళ్లు ప్రీమియం చెప్పారని, అంత కట్టలేనని మీరన్నారు కదా. అందులో జాగా ధర కూడా కలిపేసినట్టున్నారు. భూకంపం వచ్చినా జాగా ఎక్కడికీ పోదు, బీమా చేయాల్సింది ఇల్లు మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకే.

‘భారత్ గృహ రక్ష’ పాలసీ అడగండి. 2021 ఏప్రిల్ నుంచి ఉంది. భూకంపం అందులోనే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. కార్పెట్ ఏరియాను (గోడల లోపల వాడుకునే నేల విస్తీర్ణాన్ని) చదరపు అడుగు నిర్మాణ ఖర్చుతో గుణించండి. 1,200 అడుగులు, అడుగుకు 2,000 రూపాయలు అనుకుంటే 24 లక్షలే! ఇంట్లోని సామాన్లకు ఆ మొత్తంలో 20 శాతం, 10 లక్షలు మించకుండా, బీమా దానంతటదే వస్తుంది. ప్రీమియం తగ్గుతుందని ఏరియా మాత్రం తక్కువ చూపించకండి, క్లెయిమ్‌లో అంతమేరకు కోసేస్తారు.