తోక తెగిన బీ-17 ఫోటో నిజమే, దాని కింద రాతే సగం కట్టుకథ

మీరు అడిగింది ఇదీ: రెండో ప్రపంచ యుద్ధంలో తోక దగ్గర అడ్డంగా చీలిపోయి ఎగురుతున్న అమెరికన్ బాంబర్ బీ-17 ఫోటో ఒకటి తిరుగుతోంది. సిబ్బంది పారాచూట్ తాళ్లతో తోకను కట్టి, ఇంగ్లండ్ దాకా తెచ్చి దించారని కింద రాసుంది. ఇది నిజమేనా, అసలు సాధ్యమేనా?

ఫోటో అసలుదే. పక్కనే ఎగురుతున్న మరో బీ-17 నుంచి తీశారు. ఇంగ్లండ్ ముచ్చట మాత్రం అబద్ధం. 1943 ఫిబ్రవరి 1న అమెరికా బాంబర్ల దళం 97వ బాంబ్ గ్రూపు అల్జీరియాలోని బిస్క్రా నుంచి ట్యునీసియా రేవుల మీదికి వెళ్లింది. అందులో ఒకటి ఈ ‘ఆల్ అమెరికన్’, బీ-17ఎఫ్, నంబరు 41-24406, పైలట్ కెండ్రిక్ బ్రాగ్. ఎదురుగా దూసుకొచ్చిన జర్మన్ ఫైటర్ విమానం మెసర్‌ష్మిట్ 109 పైలట్‌కు బహుశా గుండు తగిలి ఉంటుంది, చివరి క్షణంలో తప్పుకోలేక బాంబర్ వెనక భాగాన్ని కోసుకుంటూ పోయాడు. ఎడమ స్టెబిలైజర్ (తోకకు పక్కగా ఉండే అడ్డ రెక్క), దాని ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే కదిలే పలక) మొత్తం ఊడిపోయాయి. నిలువు రెక్క మొదట్లో మొదలైన చీలిక ఎడమ పక్కకు దిగింది. అక్కడి నుంచి బిస్క్రా సుమారు 450 కిలోమీటర్లు. లండన్ అయితే 1,800 పైచిలుకు, అదీ జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్ మీదుగా. మ్యాప్ తెరిచి చూసినవాడెవడూ ఆ కథ రాయడు.

ఇక ఎలా నిలిచింది అన్నదే అసలు సంగతి. బీ-17 వెనక భాగం లోపల ఒకటో రెండో పెద్ద దూలాలుండి, వాటి మీదే బరువంతా పడే కట్టడం కాదు. గుండ్రటి ఫ్రేములు, వాటిని కలుపుతూ విమానం పొడవునా సాగే స్ట్రింగర్లనే సన్నటి పట్టీలు, పైన వేలకొద్దీ రివెట్లతో బిగించిన అల్యూమినియం రేకు. ఆ రేకే బరువు మోస్తుంది. సగం పోతే మిగతా సగం మీదికి భారం మళ్లుతుంది.

అయితే ఒక మెలిక ఉంది. ఖాళీ కూల్‌డ్రింక్ టిన్ను తీసుకుని నడుమ సగం దాకా అడ్డంగా కోయండి. మెల్లగా లాగితే ఇంకా ఆగుతుంది. కాస్త మెలిపెట్టారో, కోత చివరల నుంచి చిరుగు పాకుతుంది. ఆల్ అమెరికన్‌కు ఎడమ స్టెబిలైజర్ లేదు కాబట్టి తోక మీద పడే ప్రతి బలమూ కుడివైపే పడి, ఆ చీలిన గొట్టాన్ని మెలిపెడుతూనే ఉంటుంది. దానికి తోడు, మామూలు ఎగురుడులో తోక కిందికి నొక్కుతుంది, అంటే పై రేకు సాగుతుంది. కోత ఉన్నది సరిగ్గా పైనే. పైలట్ చేతిలోని కంట్రోల్ కాలమ్‌ను గట్టిగా వెనక్కి లాగితే ఆ నోరు ఇంకా తెరుచుకుంటుంది.

కాబట్టి ఇలాంటి దెబ్బ తిన్న విమానాన్ని నడిపే పద్ధతి వేరు. ఎత్తు మార్చడానికి ఎలివేటర్ కాదు, ఇంజన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రాటిళ్లు వాడాలి, నాలుగూ కలిపి కొద్దికొద్దిగా. వేగం తగ్గించాలి. గాలి బలం వేగం వర్గంతో పెరుగుతుంది కనుక గంటకు 160 మైళ్ల నుంచి 130కి దిగితే తోక మీద భారం మూడో వంతు తగ్గుతుంది. అలాగని మరీ తగ్గించి 100 దరిదాపులకు పోకూడదు. రెక్క మీద గాలి చెదిరి, ఆ కుదుపు తిన్నగా వచ్చి తోకకే కొడుతుంది. మలుపులు, రెక్కల వంపు 15 డిగ్రీలు మించకుండా, వెడల్పుగా తీయాలి. అంత వంపులో భారం మూడు నాలుగు శాతమే పెరుగుతుంది, 60 డిగ్రీల్లో రెట్టింపవుతుంది.

పైలట్ దగ్గర నుంచి తోక దాకా వెళ్లే కంట్రోల్ కేబుళ్లు తెగితే? బీ-17 సిబ్బందికి నేర్పిన ఉపాయం ఆటోపైలట్. దాని ఎలివేటర్, చుక్కాని సర్వోమోటార్లు (వాటిని కదిలించే చిన్న మోటార్లు) వెనకవైపు ఉంటాయి, కేబుల్ వాటికి ముందు తెగితే ఆటోపైలట్ మీటలతోనే విమానాన్ని తిప్పొచ్చు. వెనక తెగితే అది కూడా పనికిరాదు.

పారాచూట్ తాళ్ల విషయం: తోక దగ్గర భారం వందల కిలోల్లో, కుదుపు తగిలితే అంతకు ఎన్నో రెట్లు. తాడు సాగుతుంది, రేకు సాగదు. తాడు బిగిసేలోపే రేకు చిరిగిపోయి ఉంటుంది. కట్టినా కట్టకపోయినా ఒకటే.

దిగడం అన్నిటికంటే కష్టం. రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్‌లు ఒక్కసారి పూర్తిగా దించితే ముక్కు కదులుతుంది, సరిచేయడానికి మళ్లీ ఎలివేటర్ కావాలి. అందుకే పొడవుగా, చదునుగా దిగి, ముందు చక్రాలు తాకాక తోకను దానంతటదే కిందికి వాలనివ్వాలి. మూడు చక్రాలూ ఒకేసారి ఆన్చితే ఆ దెబ్బ నేరుగా చీలిక మీద పడుతుంది. బ్రేకు గట్టిగా తొక్కి వదలడం కూడా అంతే ప్రమాదం, లేచిన తోక దబ్బున పడుతుంది. బ్రాగ్‌కు తోక చక్రమే పనిచేయలేదు. వెనక భాగం నేలను రాసుకుంటూ ఆగింది. పదిమందిలో ఎవరికీ గాయం కాలేదు. విమానానికి మరమ్మతు చేసి మళ్లీ వాడారు. తుక్కు కింద తీసింది 1945లో.