కిల్ష్ చేప గురించి రాస్తున్న అమ్మాయికి

అమ్మా,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కాన్‌స్టెన్స్ సరస్సులో అంతరించిపోయిన కిల్ష్ చేప మీద తెలుగులో ఒకరు రాస్తున్నారంటేనే నాకు సంతోషం. అయితే మొదటి పేజీ అంతా మనిషి స్వార్థం గురించే ఉంది. చేప రెండో పేజీలోగాని కనబడలేదు. ఆ మొదటి పేజీ తీసెయ్.

ముందు చేపను చూపించు. జర్మనీ, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న ఆ సరస్సు లోతు దాదాపు 250 మీటర్లు. అందులో ఫెల్షెన్ జాతి చేపలు నాలుగు రకాలుండేవి. లోతు నీళ్లలో బతికింది కిల్ష్. వలలో పైకి లాగుతుంటే ఒత్తిడి తగ్గి దాని గాలితిత్తి ఉబ్బిపోయేది. అందుకే దానికి క్రోప్‌ఫెల్షెన్, అంటే గొంతువాపు ఫెల్షెన్, అని పేరు. ఇంత మంచి పేరు చేతిలో ఉండగా 'అరుదైన జీవి' అని ఎందుకు రాశావు?

'కాలుష్యం వల్ల నశించింది' అన్న వాక్యం దగ్గర నిజంగా బాధపడ్డాను. ఏ కాలుష్యమో చెప్పాలి కదమ్మా! ఊళ్ల మురుగునీళ్లలోంచి, బట్టలుతికే పౌడర్లలోంచి ఫాస్ఫరస్ సరస్సులో చేరింది. దాంతో నాచు విపరీతంగా పెరిగింది. అది చచ్చి అడుగుకు దిగి కుళ్లుతుంటే అక్కడి ఆక్సిజన్ తగ్గిపోయింది. కిల్ష్ జన పెట్టేది సరిగ్గా ఆ అడుగునే. (నువ్వు 'అండాలు' అన్నావు. జన అను, చేపలు తినే ప్రతి ఇంటికీ తెలిసిన మాట.) ఊపిరాడక జన చచ్చిపోయింది. మిగిలిన వాటిలో కొన్ని పక్క రకాల ఫెల్షెన్‌లతో జతకట్టి వాటిలో కలిసిపోయాయి. 1970ల తర్వాత కిల్ష్ కనబడలేదు. ఎవరూ కత్తి పట్టి చంపలేదు, అడుగునున్న జనకు గాలి అందలేదు, అంతే. ఈ ఒక్క సంగతి మీద ఎంతసేపైనా నిలబడు.

తర్వాత మురుగును శుద్ధి చేశారు, నీళ్లు తేరుకున్నాయి. పోయిందనుకున్న లోతునీటి చార్ చేప మళ్లీ దొరికింది కూడా. కిల్ష్ మాత్రం రాలేదు.

నీ చివరి వాక్యం, 'జాడ లేకుండా పోయింది' అన్నది, తప్పు. సరస్సు పాడవకముందు దాచిన ఎండు పొలుసుల నుంచి శాస్త్రవేత్తలు డీఎన్‌ఏ తీశారు. కిల్ష్ జన్యువుల్లో కొంత భాగం ఇప్పటి ఫెల్షెన్ చేపల్లో ఉందని 2022లో ప్రకటించారు.

ఆ పొలుసుల దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో.